చింతపండుతో తోమిన పొట్టేలు

గురువారం సాయంత్రానికి పరిస్థితి ఇదీ. అరబ్బుల రేవు పట్టణం సూర్‌లో సముద్రపు పాయ ఒడ్డున, ఒకప్పుడు ఓడల యజమానులు కట్టుకున్న తెల్లటి మేడ ఉంది. ఇప్పుడు ఆ కుటుంబం దాన్ని చిన్న మ్యూజియంగా నడుపుతోంది. అందులో చైనా నుంచి వచ్చిన కంచు పొట్టేళ్ళు రెండున్నాయి. రెండూ కాళ్ళు ముడుచుకుని, తల వెనక్కి తిప్పి పడుకుని ఉంటాయి. చైనావాళ్ళు నేల మీద చాప పరుచుకుని కూర్చునే రోజుల్లో, చాప మూలలు పైకి లేవకుండా పెట్టుకున్న బరువులు అవి. వాటి వయసు రెండువేల ఏళ్ళని చెబుతారు. ఆదివారం మస్కట్ నుంచి నిపుణులు వాటిని చూడటానికి వస్తున్నారు.

మ్యూజియం వ్యవహారాలు చూసే హైదరాబాదు మనిషి సమీయుల్లా గురువారం సాయంత్రం అద్దాల బీరువా ముందు నిలబడి కేక పెట్టాడు. ఒక పొట్టేలు ఎప్పటిలా ఆకుపచ్చగా ఉంది. రెండోది మాత్రం కొత్త చెంబులా ధగధగలాడుతోంది. అసలుది ఎత్తుకుపోయి కొత్తది పెట్టారన్నాడు. ఆ రోజు బీరువా తాళంచెవి ఉన్నది సుమలత దగ్గర. గదులు ఊడ్చి, దుమ్ము దులిపే పని ఆమెది. ఆమెను ఆ పనిలో పెట్టించింది నేను. ‘ఈ పిల్లకు నేను పూచీ’ అని ఇంటి యజమానురాలికి మాటిచ్చింది కూడా నేనే.

గురువారం సుమలత నోరు విప్పలేదు. శుక్రవారం సాయంత్రంలోగా దొంగ సొత్తు సంగతి తేలకపోతే పోలీసులకు ఫిర్యాదు ఇస్తామని సమీయుల్లా చెప్పాడు. ఆమె మొగుడు కుమార్ పికప్ నడుపుతాడు. లోడు తీసుకుని ఉత్తరాన సరిహద్దు దగ్గరున్న షినాస్ పోయాడు. ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు.

శుక్రవారం జుమ్మా నమాజు చేసుకుని, మసీదు నుంచి నేరుగా ఆ మేడకు నడిచాను. దారి పొడుగునా ఒకటే ఆలోచన. నేను కడప నుంచి ఈ దేశానికి వచ్చి పాత ఇత్తడి, రాగి సామాను కొని అమ్ముతూ బతికినవాణ్ణి. పగిలే సరుకు పంపేవాళ్ళకు చెక్కపెట్టెలు కూడా చేయించి ఇస్తాను. ప్రతి పెట్టె మీదా త్రాసు బొమ్మ కాల్చి ముద్ర వేస్తాను. సరుకు ఎవరి దగ్గరైనా దొరుకుతుంది. నా దగ్గరికే ఎందుకు రావాలంటే, వజీర్ మాట తూకం తప్పదని. సుమలత దొంగైతే పోయేది ఆమె బతుకు. నాకు పోయేది ఆ మాట. రెండింటిలో ఆమెదే పెద్ద నష్టం. నాది దుకాణం మూస్తే తీరిపోతుంది. కేసు పడిన ఆడపిల్ల మాత్రం దేశం దాటలేదు, పని చేసుకోలేదు, ఊళ్ళో అత్తకు ముఖం చూపలేదు.

అతిథులను కూర్చోబెట్టే మజ్లిస్‌లో ఇంటి యజమానురాలు ఉమైమా గారు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. ఈ పొట్టేళ్ళను కూడబెట్టిన పెద్దాయన కూతురు ఆమె. చిన్నప్పుడు తండ్రితో పడవెక్కి బొంబాయి తిరిగిన మనిషి కాబట్టి హిందీ బాగా వచ్చు. మా మాటలు హిందీలోనే నడిచాయి. నేను తెలుగులో చెబుతున్నాను. సమీయుల్లా ఆమె కుడివైపున, ఇస్త్రీ మడతలు చెదరకుండా కూర్చున్నాడు. మధ్యలో గుడ్డ పరిచి, దాని మీద పొట్టేళ్ళు రెండూ పక్కపక్కన పెట్టారు. సుమలత గుమ్మం దగ్గర చున్నీ తల మీదికి లాక్కుని నిలబడి ఉంది.

ఉమైమా గారు తనే లేచి చిన్న గిన్నెలో నాకు కహ్వా, ఈ దేశపు కాఫీ, పోసి ఇచ్చారు. అందుకుని, తాగకుండా నా ముందు చాప మీద పెట్టాను.

ఈ వైపు పాత ఇళ్ళలో దానికొక అర్థం ఉంది. అతిథి కహ్వా తాగకుండా కింద పెట్టాడంటే మనసులో ఒక కోరిక ఉందని. ఆ కోరిక ఏమిటో ఇంటివాళ్ళు అడగాలి. అడిగి, తీరుస్తామనాలి. అప్పుడే అతను గిన్నె ఎత్తుతాడు. అతిథి తాగకుండా లేచిపోతే ఇంటికి తలవంపు. నేను ఎన్నో ఇళ్ళలో కహ్వా తాగాను కాని, గిన్నె కింద పెట్టడం అదే మొదటిసారి. అలాంటి నాణేన్ని మనిషి ఒక ఇంట్లో ఒక్కసారే ఖర్చు పెట్టగలడు.

ఆమె గిన్నె వైపు చూశారు. తర్వాత నా వైపు.

“అడుగు, వజీర్.”

“ఆ పిల్లతో మా భాషలో మాట్లాడనివ్వండి. ఆమె చెప్పింది చివరిదాకా వినండి. ఆ తర్వాత మీ ఇష్టం.”

సమీయుల్లా నవ్వాడు. “వజీర్ భాయ్, తెలుగులో గుసగుసలు నడవవు. నేను మలక్‌పేట్‌లో పుట్టిన. నాకూ తెలుగు వస్తది.”

“మంచిదే కదా. తప్పు చెబితే నువ్వే దిద్దు.”

ఉమైమా గారు తల ఊపారు. నేను మెరుస్తున్న పొట్టేలును రెండు చేతులతో ఎత్తాను. పాత సామాను కొనేవాడు కళ్ళతో చూడక ముందు చేతితో ఎత్తుతాడు. బరువు బాగానే ఉంది. వెలుతురులోకి తిప్పాను. వంపు తిరిగిన కొమ్ము సుడిలో సన్నటి గోధుమరంగు పీచొకటి ఇరుక్కుని ఉంది. గోటితో తీసి వాసన చూశాను. నాకు తెలియకుండానే నోట్లో నీళ్ళూరాయి.

“సుమలతమ్మా, ఇట్ల రా,” అన్నాను. “పొట్టేలును పులుసు పెట్టినోళ్ళను చూసినా గాని, కంచు పొట్టేలును పులుసు పెట్టినోళ్ళను ఇదే సూడ్డం. చింతపండు యాడిది?”

ఆమె ముఖం ఒక్కసారిగా కదిలిపోయింది. ఏడుపూ నవ్వూ కలిసొచ్చినట్టు చున్నీ అంచు నోటికి అడ్డం పెట్టుకుంది.

“నా టిఫిన్ డబ్బలదే అన్నా. చారు కోసం రూమ్ కాడికెల్లి తెచ్చుకున్న.”

“దాంతో దీన్ని తోమినావా?”

“తోమిన. మస్కట్‌కెల్లి పెద్దోళ్ళు వస్తున్నరు, అన్నీ తళతళ మెరవాలె అని మేడమే అన్నది గదా. అద్దాలు తుడిసిన, తలుపులకున్న ఇత్తడి పువ్వులు తుడిసిన. ఈ బొమ్మ జూస్తే పచ్చగ సిలుమువట్టి ఉన్నది. పాపం, దీన్ని ఎవ్వలు పట్టించుకుంటలేరనుకున్న. మా అత్త చిన్నవ్వ బతుకమ్మ పండుగకు ఇత్తడి సామానంత గట్లనే తోముతది. సిలుము ఉంటే ఇంటికి మంచిది గాదంటది.”

“రెండోదాన్ని ఎందుకు వదిలినావు?”

“చింతపండు అయిపోయిందన్నా.”

సమీయుల్లా మెడ చాచి పొట్టేలు కొమ్ముల వైపు చూశాడు.

“మరి నిన్నంతా ఎందుకమ్మా నోరు మూసుకున్యావు?”

“సారు దొంగ దొంగ అని ఒకటే ఒర్రుడు. నేను కడిగినందుకు తిడుతుండనుకోలే. ఇంకేమో పోయిందనుకున్న. పోయింది గీ బొమ్మనే అని తెలిసినంక భయమైంది. కడిగిన అంటే ఎవ్వలు నమ్ముతరు? మెరిసేదాన్ని జూసి ఎవ్వలన్న కోపం జేస్తరా అన్నా?”

నేను ఆమె మాటలన్నీ హిందీలో చెప్పాను. ఒక్క మాటా తగ్గించలేదు, పెంచలేదు. తలుపు వెనక బకెట్‌లో ఉందని సుమలత చెప్పిన గుడ్డ తెప్పించాను. తడి ఆరి, అట్ట కట్టి, పాకుడు పట్టినట్టు పచ్చగా ఉంది. ఉమైమా గారు దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. దొంగతనం మాట అక్కడితో చచ్చిపోయింది. అలా అని నేను ఊపిరి పీల్చుకోలేదు. బేరంలో ఎదుటివాడు ఒక మెట్టు దిగాడంటే, ఇంకో వైపు నుంచి ఎక్కడానికే.

“అయితే ఇది ఇంకా ఘోరం, మేడమ్,” అన్నాడు సమీయుల్లా. గొంతులో బాధ పలికింది. “దొంగ ఎత్తుకుపోతే ఎప్పటికైనా దొరికేది. ఈమె దాన్ని చంపేసింది. ఆ పచ్చదనమే దాని వయసు, దాని విలువ. మట్టిలో రెండువేల ఏళ్ళు పడుకుంటే వచ్చిన రంగును ఒక పూటలో గీకి పారేసింది. దీనికీ చట్టం ఉంది. ఫిర్యాదులో మాట మార్చి రాస్తాను, అంతే.”

సుమలత నా వైపు చూసింది. ఆమెకు హిందీ అరకొరగా వచ్చు. ‘చంపేసింది’ అన్న మాట మాత్రం బాగానే అర్థమైనట్టుంది.

నిజం చెప్పించి నేను ఆమెను ఒక గోతిలోంచి తీసి ఇంకా లోతైన గోతిలో దించినట్టయింది. పొయ్యి మీంచి పెనం దించబోయి పొయ్యినే ఎత్తి ఒళ్ళో పోసుకున్నాను. అప్పుడు మళ్ళీ ఆ పొట్టేలును చూశాను. ఈసారి సుమలతను కాపాడటానికి కాదు, కొనడానికి వచ్చినవాడిలా చూశాను. నాకు ఎవరైనా దీన్ని అమ్మజూపితే ఏం వెతుకుతాను?

వీపు మీద వేలు నడిపాను. నున్నగా ఉంది. డొక్కలు నున్నగా ఉన్నాయి. గిట్టల మధ్య కూడా గుంట లేదు, గరుకు లేదు.

“మేడమ్, ఒక మాట,” అన్నాను. “పాత రాగి బిందె మీద చిలుము చింతపండుకు పోతుంది. ఎందుకంటే అది నిన్న మొన్న పట్టింది, పైపైన ఉంటుంది. వందల ఏళ్ళు భూమిలో ఉన్నదాని సంగతి అట్ల కాదు. చిలుము లోహాన్ని తిని, దానిలోకి దిగి, రాయిలా అవుతుంది. చింతపండు పెట్టి రుద్దితే మచ్చ పడొచ్చు, రంగు మాడొచ్చు. ఇట్ల బంగారంలా మాత్రం తేలదు. పైదంతా ఊడినా కింద తిన్న గుంటలు కనపడాల. ఇది చూడండి, పసిపిల్ల బుగ్గ.”

“నువ్వు గిన్నెలమ్ముకునేవాడివి, భాయ్,” అన్నాడు సమీయుల్లా. “మ్యూజియం నడిపేవాడివి కాదు.”

“గిన్నెలమ్ముకునేవాణ్ణే. అందుకే తెలుసు. పోయిన నెల చేసిన కహ్వా కూజాకు ఉప్పూ పుల్లటి సిరకా పూసి, మట్టిలో కప్పెట్టి, తాతల నాటిదని టూరిస్టులకు అంటగట్టేవాళ్ళు మా బజారులో ఉన్నారు. ఆ పచ్చదనం చింతపండు వాసనకే ఊడొస్తుంది. సుమలత కడిగింది ఆ పచ్చదనాన్ని. ఈ పొట్టేలు ఆమె ముట్టక ముందే నకిలీది.”

ఉమైమా గారు రెండో పొట్టేలును, పచ్చగా ఉన్నదాన్ని, ఒళ్ళోకి తీసుకున్నారు. వేలితో దాని ముట్టె నిమిరారు.

“మా నాన్న వీటిని నమాజు చాప మూలల మీద పెట్టేవాడు,” అన్నారు. “వద్దని అమ్మ పోట్లాడేది, బొమ్మలేమిటి చాప మీద అని. గాలికి చాప లేస్తోందే, నేనేం చెయ్యను అనేవాడు.” ఆగి, తల ఎత్తారు. “వజీర్, నీ మాట తేలడానికి దారి ఉందా?”

“ఉంది. కాని నేను చెప్పకూడదు.”

“నేను చెబుతాను. చింతపండు ఇంకా ఉందా?”

వంటింట్లో ఉంది. చేపల పులుసుకు వాళ్ళూ వాడతారు. ఒక గిన్నెలో నానేసి తెచ్చారు. ఉమైమా గారు ఒళ్ళోని పచ్చ పొట్టేలును వెల్లకిలా తిప్పి గుడ్డ మీద పెట్టారు. పొట్ట అడుగున, ఎవరికీ కనిపించని చోట, కూడా ఆకుపచ్చే.

“బొటనవేలంత మేర చాలు,” అన్నారు సుమలతతో. “నిన్న ఎట్లా రుద్దావో అట్లాగే రుద్దు.”

సుమలత కదల్లేదు. “అన్నా, ఇదిగూడ ఖరాబైతే?”

నా లెక్క తప్పితే ఆ ఇంటికి రెండు పొట్టేళ్ళూ పోతాయి. సుమలత పేరు మీద తప్పులు రెండవుతాయి. లెక్క సరైనదే అయినా, రెండువేల ఏళ్ళ వస్తువు మీద ఎంతో కొంత మచ్చ పడుతుంది. ఒప్పుకోవాల్సింది యజమానురాలు. ఆమె ఒప్పుకున్నారు.

“నువ్వు భయపడొద్దమ్మా. మేడమ్ చెప్పినారు, మేడమే చూస్తాండారు. కానియ్యి.”

సుమలత మోకాళ్ళ మీద కూర్చుంది. చింతపండు గుజ్జు వేలికి తీసుకుని వంగింది.

“వద్దు,” అన్నాడు సమీయుల్లా. చెయ్యి చాచి ఆమె మణికట్టుకు అడ్డం పెట్టాడు. ఇస్త్రీ మడతల మనిషి ఒక్క క్షణంలో చెదిరిపోయాడు. “మేడమ్, దీన్ని ముట్టనియ్యకండి. ఇది అసలుది.”

ఎదుటివాడు తనంతట తాను ధర చెప్పేశాక నోరు తెరవడం తెలివితక్కువ పని.

ఉమైమా గారు అతని చేతిని మెల్లగా పక్కకు జరిపారు.

“ఇది అసలుది,” అన్నారు. “మరి అది?”

అతను తల దించుకున్నాడు.

“నిన్న నువ్వు అది మారిపోయిందన్నావు. ఇందాక అది చచ్చిపోయిందన్నావు. ఇప్పుడు ఇది మాత్రం అసలుదంటున్నావు. దాని కోసం ఒక్కసారైనా ఇట్లా చెయ్యి అడ్డం పెట్టాలని నీకు అనిపించలేదు, సమీ. నీకు ముందే తెలుసు.” తర్వాత సుమలతతో, అదే గొంతుతో, “రుద్దు,” అన్నారు.

సుమలత రుద్దింది. మొదట భయంగా, తర్వాత గట్టిగా, పండక్కి బిందె తోమినట్టు. గుజ్జు గోధుమరంగుగానే ఉంది. తడి గుడ్డతో తుడిచింది. కింద ఆకుపచ్చ ఆకుపచ్చగానే ఉంది, కొంచెం ముదిరిన రంగులో, కదలకుండా. ఆమె తన వేలిని వెలుతురులో పెట్టి చూసుకుంది. దాని మీద పచ్చ మరక లేదు.

“పోలేదన్నా,” అంది. “ఇది పోలేదు.”

ఉమైమా గారు తన చేతిగుడ్డతో ఆమె వేళ్ళు తుడిచారు. “నువ్వు దేన్నీ దొంగిలించలేదు, దేన్నీ చంపలేదు. మా ఇంట్లో ఏం జరిగిందో మాకు చూపించావు. ఖలాస్. నీ మీద ఫిర్యాదు లేదు.” నా వైపు తిరిగారు. “కహ్వా తాగు, వజీర్. చల్లారిపోయింది.”

గిన్నె ఎత్తి ఒక్క గుక్కలో తాగాను. చల్లారినా అంత రుచైన కహ్వా నేను మళ్ళీ తాగలేదు. నా పూచీ నిలిచింది. పిల్ల బయటపడింది. ఆ క్షణాన లేచి సలాం చెప్పి, సుమలతను వెంటబెట్టుకుని వచ్చేసి ఉంటే, ఈ కథ అక్కడితో తెగిపోయేది. వ్యాపారి లాభం చేతికి రాగానే బజారు విడిచిపోవాలి. నేను ఇంకో గిన్నె కోసం కూర్చున్నాను.

సమీయుల్లా గోడకు చేరగిలబడ్డాడు. ముఖంలో కోపం లేదు, అలసట ఉంది.

“మార్చింది నేను కాదు,” అన్నాడు. “ఖురాన్ మీద చెయ్యి పెట్టి చెబుతాను. రంజాన్‌లో ఊరికి పోయి వచ్చేసరికి మారిపోయి ఉంది. చేతిలోకి తీసుకోగానే తెలిసింది. చెబితే మొదట నన్నే అడుగుతారు, తాళాలు నావి కదా. అమ్మీ చాంద్ బీ మందులకు, ఇంటికి, అన్నిటికీ ఈ ఉద్యోగమే. అందుకని ఊరుకున్నాను. మస్కట్‌వాళ్ళు వస్తున్నారంటే నిద్ర పట్టలేదు. ఇంతలో ఈమె దాన్ని మెరిపించి పెట్టింది. అల్లా నాకు దారి చూపించాడనుకున్నాను.”

“ఒక ఆడపిల్లను జైల్లో పెట్టే దారి,” అన్నాను.

“అవును, భాయ్,” అన్నాడు. తప్పించుకోవడానికి మాట వెతకలేదు. “కాని ఒకటి చూశాను. నేను తిరిగొచ్చిన రోజు సామాన్ల గదిలో మూత తీసిన చెక్కపెట్టె ఒకటి ఉంది. లోపల ఖర్జూరపు పీచు పరిచి, మధ్యలో సరిగ్గా పొట్టేలు పడుకునేంత గుంట తీసి ఉంది. మర్నాటికి ఆ పెట్టె లేదు. దాని మీద త్రాసు బొమ్మ కాల్చి ఉంది.”

ఉమైమా గారు నా వైపు చూశారు. “త్రాసు నీదే కదా, వజీర్?”

“నాదే.”

“నేను పెట్టె చేయించమని ఎవరికీ చెప్పలేదు.”

అప్పుడు గుర్తొచ్చింది. రంజాన్ నెల. ఎవరో ఫోన్ చేసి, మ్యూజియం నుంచి అని అరబ్బీలో కొలతలు చెప్పారు. చేయించి పెట్టాను. ఇఫ్తార్‌కు ముందు ఒకతను పికప్ తెచ్చి దుకాణం ముందు ఆపాడు. పెట్టెను సొంత చేతులతో ఎక్కించుకున్నాడు. ‘మ్యూజియమోళ్ళదన్నా, నాకు కిరాయి చెప్పిన్రు’ అన్నాడు. తెలిసిన మనిషే కాబట్టి ఎవరు పంపారని నేను అడగలేదు. ఖర్జూరాలు ఇస్తే, నేను ఉపాసం లేను కదా అని నవ్వుకుంటూ తిన్నాడు.

ఉమైమా గారు తన గిన్నెలో కహ్వా పోసుకున్నారు. తాగలేదు. దాన్ని నా ఎదురుగా చాప మీద పెట్టారు. ఆ ఇంట్లో ఇప్పుడు కోరిక అడుగుతున్నది ఆమె.

“నీ దుకాణం నుంచి ఆ పెట్టె ఎవరు తీసుకెళ్ళారు, వజీర్?”

గుమ్మం దగ్గర సుమలత చున్నీ అంచుతో చేతులు తుడుచుకుంటోంది. నిన్నటి నుంచి మొదటిసారి ఆమె ముఖంలోకి నెత్తురు తిరిగింది. ఫోన్ అప్పటికే చేతిలోకి తీసుకుంది.

“అన్నా,” అంది, “మా ఆయనకు ఒకపారి ఫోన్ జేసి చెప్పన్నా? అంత మంచిగైపోయిందని?”

ఉమైమా గారి గిన్నెలో కహ్వా మీద ఆవిరి సన్నబడుతోంది. అది ఆరిపోయేలోపు నేను కుమార్ పేరు చెప్పాలి, లేదా నా మాటకు నేనే తూకం తప్పాలి.